పెండ్లిచీర మగ్గం మీదుండగా

"ఏం డబ్బారా అది? వాసన ఈడిదాకా కొడ్తాండాది!" మగ్గం గుంటలోంచే అరిచింది కుళ్ళాయమ్మ.

పటాలం నుంచి సెలవు మీద ధర్మవరం వచ్చిన కొడుకు ఈరన్న పెరట్లోంచి బదులిచ్చాడు. "సార్డీన్ చేపలమ్మా. కాల్చిన బ్రెడ్డు మీద పెట్టుకొని తింటే బాలింతకు బలమని మా డాక్టరు చెప్పినాడు."

"పెండ్లిచీర మగ్గం మీదుంటే నీచు గడప దాటకూడదు. ఆడ్నే పారెయ్!"

లోపల పసివాడు పాలు చాలక గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఈరన్న పళ్ళెంతో గడప బయటే అటూ ఇటూ తిరుగుతున్నాడు.

బిడ్డను భుజాన వేసుకుని కోడలు మునెమ్మ పెరట్లోకి వచ్చింది. "నాకొద్దు. ఆ నూనె చేతికంటితే రెండు దినాలు వాసన పోదు. పోగులు ఎవరు అతుకుతారు? పాలు లేకుంటే పాయె."

కుళ్ళాయమ్మ చేతిలో, పోగుల మధ్య దూసుకుపోయే నాడె ఆగిపోయింది. పట్టు ముట్టే చేతికి నీచు అంటకూడదని కోడలికి నేర్పింది తనే.

ఆమె గుంటలోంచి లేచి పెరట్లోకి నడిచింది. చేపను వేళ్ళతో నలిపి బ్రెడ్డు మీద పెట్టి కోడలి నోటి దగ్గరికి తెచ్చింది. నూనె మణికట్టు దాకా కారింది.

"అత్తా! ఇంక మగ్గమెట్లా ఎక్కుతావు?"

"పెండ్లోళ్ళు కాచుకుంటారు. ఈ పసోడు కాచుకోడు. నోరు తెరు."