దిగని ప్రయాణికుడు

ముసలాయన నాలుగో రోజు కూడా యెర్మి నడిపే బండే ఎక్కాడు.

కుపాంగ్ ఊళ్ళో బేమోలనే చిన్న వ్యాన్‌బండ్లకేం కొదవ? అద్దాల నిండా బొమ్మలతో, గుండెలదిరే పాటలతో ఒకదాని వెనక ఒకటి తిరుగుతూనే ఉంటాయి. ఈయన మాత్రం రెండు బండ్లు వదిలేసి మరీ యెర్మి కోసం నిలబడతాడు.

ఎక్కినవాడు దిగడు. అదీ వింత.

దిగాలనుకున్నవాళ్ళు పైనున్న ఇనప కడ్డీ మీద నాణెంతో టకటకా కొడతారు. ఈయన ఒక్కసారీ కొట్టలేదు. ఊరంతా చుట్టి బస్టాండుకి రాగానే ఛార్జీ ఇచ్చేసి, వక్క నములుతూ రెండో చుట్టుకి కూర్చుంటాడు.

"ఎవరంటావు మెల్కీ అన్నా?" అన్నాడు యెర్మి.

"పోటీ బండివాళ్ళు పంపి ఉంటారు. మన పాటలు కాపీ కొట్టడానికి" అన్నాడు కండక్టరు మెల్కీ.

"పాట పెడితే చెవులు మూసుకుంటున్నాడుగా!"

"అదే మరి నటన."

బ్రేకులు ఎప్పుడు చూపించావని ముసలాయన ఓసారి అడిగాడు. మధ్యాహ్నం ఏం తిన్నావని ఇంకోసారి. తాటిసారా తాగుతావా అని మాత్రం మూడు రోజులూ అడిగాడు.

"ఇన్సూరెన్సు మనిషి" అని మెల్కీ తేల్చేశాడు.

ఇవాళ యెర్మికి ఈ సరదాలకి తీరిక లేదు. నాలుగింటికి పెద్దల్ని వెంటబెట్టుకుని దోర్కస్ వాళ్ళింటికి పిల్లనడగడానికి వెళ్ళాలి. రెండేళ్ళుగా అతనికి ఆ పిల్ల తప్ప లోకం లేదు. ఒంటిగంటకి హైస్కూలు ట్రిప్పు ఒక్కటి వేసేస్తే, ఇంటికెళ్ళి స్నానం చేసి కొత్త చొక్కా తొడుక్కోవచ్చు.

ముసలాయన ఇవాళ ఇస్త్రీ చొక్కాతో, భుజాన కొత్త నేత దుప్పటితో వచ్చి దర్జాగా ముందు సీట్లో కూర్చున్నాడు.

"తాతా, ఇవాళైనా ఎక్కడ దిగుతావో చెప్పు."

"నువ్వు దిగినచోటే."

"ఈ ట్రిప్పయితే నేను బండి కట్టేస్తాను."

"తెలుసులే."

హైస్కూలు దగ్గర ఆడపిల్లలు ఎగబడ్డారు. సీట్లు చాల్లేదు.

"ఆ తాతని దింపెయ్యన్నా. లేకపోతే మేమంతా వెనక బండెక్కుతాం!"

వెనక బండివాడు హారన్ కొట్టాడు.

యెర్మికి చిర్రెత్తుకొచ్చింది.

"దిగు తాతా! నాలుగు రోజుల్నుంచీ చూస్తున్నా. నీకు ఇల్లూ వాకిలీ లేవా? ఇదేమన్నా మీ ఇంటల్లుడి బండనుకున్నావా?"

ముసలాయన అతని మొహంలోకి చూశాడు.

"ఇక్కడేనా?"

"ఇక్కడే."

మండుటెండలో దిగిపోయాడు.

నాలుగింటికి దోర్కస్ ఇంట్లో చాప మధ్యన ఆకువక్కల పళ్ళెం పెట్టారు. వాళ్ళది రోటె దీవి ఆచారం. పిల్ల మేనమామ ఆ పళ్ళెంలో ముందు చెయ్యి పెడితేనే పెళ్ళిమాట మొదలవుతుంది. తండ్రి ఉన్నా, పాస్టరుగారున్నా లాభం లేదు.

మేనమామ రాలేదు.

ఐదైంది. ఆరైంది. పళ్ళెంలో ఆకులు వాడాయి. తలుపు చాటున దోర్కస్ కళ్ళు తుడుచుకుంటోంది.

దోర్కస్ తల్లి ఫోను మోగింది. విని, నెమ్మదిగా పెట్టేసింది.

"మా అన్నయ్య రేవులో ఉన్నాట్ట. ఇక్కడికి రాడట. తెల్లారి పడవకి తిరిగెళ్ళిపోతాడట."

"ఎందుకటమ్మా?" అన్నాడు యెర్మి.

"అదే నాకూ అంతుపట్టడం లేదు నాయనా. పిల్ల జన్మంతా కూర్చోవాల్సిన బండి, మూడ్రోజులు నేను కూర్చుని చూస్తానన్నాడు. అబ్బాయి బంగారమని నిన్న రాత్రే ఒప్పేసుకున్నాడు. ఇవాళ నీ పక్కన కూర్చునే ఇంటికి వస్తానని పొద్దున్నే నీ బండెక్కడానికి వెళ్ళాడు."