ఆరు గమోసాలు

దారికి అడ్డంగా పెట్టిన వెదురు గడ జరుపుకుని ముసలమ్మ మళ్ళీ వాకిట్లోకి వచ్చింది.

మగ్గం మీద కూర్చున్న నిజరాకి ఒళ్ళు మండింది.

"ఆయితా, నిన్ననే కదా వచ్చావు?" ఊళ్ళో పండు ముసలివాళ్ళందరినీ అలాగే పిలుస్తారు.

"నిన్నటి వక్క నిన్ననే అయిపోయింది."

నిజరా లేవకుండానే ఆకూ వక్కా తీసి చేతిలో పడేసింది. ఇంటికొచ్చిన వాళ్ళకి ఇత్తడి పళ్ళెంలో పెట్టి, రెండు చేతులా అందించాలి. పళ్ళెం పక్కనే ఉంది. రోజూ వచ్చే మనిషికి మర్యాదలేమిటని ఆమె ఉద్దేశం.

ఈ ముసలమ్మ పోయిన చలికాలం ఎక్కణ్ణించో వచ్చి రేవు దగ్గర గుడిసెలో మకాం పెట్టింది. ఎవరి మనిషో ఎవరికీ తెలియదు.

ఆమె మగ్గం పక్కన చతికిలబడి, నేతలోని పువ్వు వైపు తేరిపార చూసింది.

"ఈ వరసలో ఒక పోగు తప్పింది, పిల్లా."

"నాకు నేర్పినావిడ బాగానే నేర్పిందిలే. నువ్వు వక్క నములుకో."

ముసలమ్మ వక్క బుగ్గన పెట్టుకుంది.

ఆ నేర్పినావిడ పేరు జెతుకా. ఈ ఇంటి ముగ్గురు మంత్రగత్తెల్లో చిన్నది. పెద్దావిడ భానుమతి, నడిమి మనిషి తగర. తోబుట్టువులు కారు, ఒక్క గురువు దగ్గర మంత్రం నేర్చినవాళ్ళు. ఆరేళ్ళ క్రితం టీకాలు వెయ్యడానికి వచ్చిన నర్సు నిజరా, ఆ ముగ్గురి మీదా మనసుపడి తిరుగు పడవ ఎక్కలేదు. వాళ్ళూ ఆమెని వదల్లేదు.

మూడో నెలలోనే జెతుకా చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. అప్పటికి దానికి ఇరవై మూడేళ్ళు.

నిజరాకి ఆ కోపం ఇంకా చల్లారలేదు. ప్రేమా చల్లారలేదు. బిహూ పండక్కి మనసైనవాళ్ళకి తన చేత్తో నేసిన ఎర్రంచు తువ్వాలు, గమోసా, ఇవ్వాలి. ఏటా మూడు నేసేది. రెండు ఇచ్చేది, మూడోది పెట్టెలో పెట్టేది. అలా ఐదు పోగయ్యాయి. మగ్గం మీదున్నది ఆరోది.

"అది నాకిస్తావా? మెడకి చుట్టుకుంటా" అంది ముసలమ్మ.

"ఇది ఒకరిది."

"వస్తుందా ఆ మనిషి?"

"రాకేం చేస్తుంది? రాగానే కడుపునిండా తిడతాను. తర్వాత మెడలో వేస్తాను."

"తిట్టు. తిట్టాల్సిందే" అని ముసలమ్మ తృప్తిగా నవ్వింది.

అంతలో పడవ నడిపే హరకాంత చేపలు ఇవ్వడానికి వచ్చాడు. వాడికి నోరు ఊరుకోదు.

"నర్సమ్మా, మంత్రగత్తెలతో కాపురం చేస్తే ఏడాదికి పదేళ్ళు మీదపడతాయంటారే. నీకేమిటి, ఏమీ కాలేదు?"

"ఆరేళ్ళయింది. నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక చూపించు, నీ పడవ నేను తోస్తా."

"అయితే నీ బదులు ఎవరో మోస్తున్నారన్నమాట. జాగ్రత్త, వాళ్ళు బతికుండగా నీకు తెలిసిందా, ఆ ఏళ్ళన్నీ తిరిగి నీ నెత్తినే."

"నా బదులు మోసే వెర్రిది ఎవరుందిలే."

వంటింట్లో తగర చేతిలో గరిటె జారిపడింది. భానుమతి మాత్రం గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, పీట వేసి ముసలమ్మ కాళ్ళు కడిగింది. పులుసన్నం కలిపి ముద్దలు పెట్టింది.

"దారినపోయే ఆవిడకి ఇన్ని సేవలా?" అంది నిజరా. "నాకు జ్వరమొస్తే కూడా ఇంత చెయ్యలేదు."

భానుమతి ఇంకో ముద్ద పెట్టింది. ముసలమ్మ వెళ్తూ వెళ్తూ నిజరా తల నిమిరింది. నల్లటి జుట్టుని వేళ్ళతో విడదీసి చూసింది, పేలు వెతికినట్టు. నిజరా విసుగ్గా తల పక్కకి తిప్పుకుంది.

బిహూ నాటికి ఆరో గమోసా కూడా మగ్గం దిగి పెట్టెలో చేరింది. పండగ రోజున ముసలమ్మ రాలేదు.

పొద్దెక్కాక హరకాంత కబురు తెచ్చాడు. నిద్రలోనే పోయిందట.

"నా అన్నవాళ్ళు లేరు. కర్మ ఎవరు చేస్తారో ఏమో" అన్నాడు.

"మనిల్లుందిగా, తీసుకురా" అంది భానుమతి.

వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. నిజరాకి మనసు చివుక్కుమంది. ఒక్కసారైనా వక్క పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు కదా అనుకుంది.

భానుమతి లోపలికి వెళ్ళి నిజరా పెట్టె తెరిచింది. ఆరు గమోసాలూ తెచ్చి ఒకదాని మీద ఒకటి ముసలమ్మకి కప్పడం మొదలుపెట్టింది.

"అవి జెతుకావి" అంది నిజరా.

"జెతుకాకే కప్పుతున్నా" అంది భానుమతి చాలా మెల్లిగా, హరకాంతకి వినపడకుండా.

తగర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

నిజరా చాప దగ్గరికి వెళ్ళింది. వంగి ఆరో గమోసా అంచు సర్దింది. పువ్వులో ఒక పోగు నిజంగానే తప్పి ఉంది. ఆరేళ్ళుగా దాచుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. లేచి వెళ్ళి ఇత్తడి పళ్ళెం తోమింది. ఆకూ వక్కా పెట్టి, రెండు చేతులా తెచ్చి తల దగ్గర ఉంచింది.

"ఏడవకు నర్సమ్మా" అన్నాడు హరకాంత. "తొంభై దాటే ఉంటాయి. అన్నీ చూసి రాలిన పండుటాకు."

"ఇరవై తొమ్మిది" అంది నిజరా.