మూడో జవాబు

"మెయిల్ తెరవాలంటే పుట్టినతేదీ, అమ్మ పేరు రెండూ కలవాలి హేమలతా," అన్నడు బాన్సువాడ నెట్ సెంటర్ గోపీచంద్ అన్న.

పాస్‌వర్డ్ మర్చిపోయింది నేనే. రేపటి ఇంటర్వ్యూ లెటర్ ఆ మెయిల్లనే ఉంది.

తేదీ కలిసింది. నా పదో తరగతి మెమో చూసి అన్న 'దేవమ్మ' అని కొట్టిండు. తప్పన్నది. ఇంటిపేరు కలిపి కొట్టిండు. మళ్ల తప్పే.

"ఇంకోసారి తప్పితే మెయిల్ మూసుకుపోతుంది. మీ అమ్మ పేరు ఇదేనా అసలు?"

తండా దాటితే నేనెప్పుడూ గా పేరే చెప్పేదాన్ని. గప్పుడు యాదికొచ్చింది, మెయిల్ చేసుకున్ననాడు ఏం రాసిననో.

"జరుగన్నా." కీబోర్డు నా దిక్కు గుంజుకుని 'దేవ్లి' అని కొట్టిన. మెయిల్ తెరుచుకుంది.

అన్న మెమో దిక్కు చూసిండు. "మరి ఇందులో?"

"బడిల చేరిననాడు సారు మార్చి రాసిండు. దేవ్లి అంటే తండా మనుషుల పేరు, బాగలేదన్నడట. ఇగ అన్ని కాయితాలల్ల గదే ఎక్కింది."

"మళ్లీ ఇబ్బంది పడతావు. జవాబు మెమోలో ఉన్నట్టు మార్చేయనా?"

"ముట్టకు! మా అమ్మ అసలు పేరు రాసి ఉన్నది గీ ఒక్క జాగలనే."