నక్షత్రాలిచ్చే అతిథి

"ఆవిడే," అన్నాడు తహామీ వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి. "రాసిపెట్టుకో."

వంటమనిషి రహ్మా ఉల్లిపాయల మీంచి తలెత్తలేదు. "మొన్న ఆ బెల్జియం ముసలాయన్నీ ఇలాగే అన్నావు. తీరా చూస్తే పళ్ల డాక్టరు."

"ఈసారి తప్పదు. ఒక్కతే వచ్చింది. గుర్తింపు కార్డులో టాంజియర్ అని ఉంది. అందరూ మన ఫెజ్ పాతబస్తీ సందుల్లో దారి తప్పి, ఫోన్లో నన్ను తిట్టి, చివరికి ఏ గాడిదలవాడో దిగబెడితే వస్తారా? ఈవిడ నేరుగా వచ్చి తలుపు కొట్టింది. ముందే అన్నీ ఆరా తీసిందన్నమాట!"

హోటళ్లకు నక్షత్రాలిచ్చే సంస్థ ఈ వారం మారువేషంలో మనిషిని పంపుతుందని యజమాని కాసాబ్లాంకా నుంచి కబురు చేశాడు. నడిమి వాకిలి చుట్టూ ఆరు గదులున్న పాతకాలపు ఇల్లు, హోటల్‌గా మార్చిన రియాద్ అది. నక్షత్రం రాకపోతే అమ్మేస్తానన్నాడు. దాన్ని నడిపే తహామీకి యాభై దాటాయి. ఈ వయసులో మరోచోట పిలిచి పని ఇచ్చేవాళ్లు లేరు.

అతిథి పేరు బతూల్. అరవై ఏళ్లుంటాయి. దేవదారు కప్పునూ, గోడల మీది రంగు పలకల నగిషీనీ, పట్టు దిండ్లనూ ఒక్క చూపుతో దాటేసింది. "మేడ ఎటు?" అంది.

తహామీ పుదీనా టీ పట్టుకుని వెనకే ఎక్కాడు. మూరెడెత్తు నుంచి చుక్క ఒలకకుండా గ్లాసులోకి పోశాడు. ఆవిడ అటు చూడనేలేదు.

"ఊరు చూడ్డానికి వెళ్లరా లల్లా?" అన్నాడు, అమ్మగారూ అన్నంత మర్యాదగా. "మనిషిని తోడిస్తాను."

"ఊరెక్కడికి పోతుందిలే."

పిట్టగోడ దగ్గరికి నడిచింది. గోడ ఆవిడ నడుము దాకా కూడా లేదు. అవతల పక్కింటి మేడ అరచేతిలో ఉన్నట్టుంది. దండెం మీద రెండు దుప్పట్లు. ఒక ఖాళీ కుర్చీ.

"ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరా?"

"మేం తెరిచిన కొత్తలో ఒకావిడ కూర్చునేదట లల్లా. ఏదో జబ్బు. తల మీద వెంట్రుక లేదట. ముసుగు తీసి ఎండకు కూర్చునేదట. మేడలు ఆడవాళ్లవి కదా, మనమైతే కన్నెత్తి చూడం. అతిథులకేం తెలుసు? ఫొటోలు తీశారు. ఆవిడ రావడం మానేసింది."

బతూల్ గ్లాసు కింద పెట్టింది. టీ అలాగే ఉంది. తహామీ గాభరాగా మాట మార్చాడు.

"ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరో చుట్టం దిగింది. గయ్యాళి! పక్కింటి ఆడవాళ్లు కదా, నేను ముఖం చూసింది లేదు గానీ, సాయంత్రం మేడ మీద మావాళ్లు డోలు ముట్టుకుంటే చాలు, ఇత్తడి రోకలితో గోడ బాదుతుంది. రొట్టెల పొయ్యివాడితో శాపనార్థాలు పంపుతుంది. ఉపవాసం విడిచే వేళ పేలుస్తారే, ఆ రంజాన్ ఫిరంగి అని మా రహ్మా ఆవిడకి పేరు పెట్టింది."

"ఫిరంగా!" బతూల్ పెదవి కొద్దిగా కదిలింది. "మరి మీరేం చేశారు?"

"చెవుల్లో దూది పెట్టుకున్నాం."

ఆవిడ నవ్వలేదు. "డోలు కింద వాకిట్లో వాయిస్తే వినసొంపుగా ఉంటుంది. ఇక ఈ గోడ. ఒకరి కొంపలోకి తొంగి చూస్తూ టీ తాగడం నాకు సయించదు. ఈ మాట చెప్పాల్సిన చోట చెబుతాను."

తహామీ మేస్త్రీకి ఫోన్ చెయ్యడానికి కిందికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం డోలు వాకిట్లో, నీళ్ల తొట్టి పక్కన మోగింది. గోడ మాత్రం మోగలేదు.

"చూశారా, మీరు వచ్చిన వేళ మంచిది! ఫిరంగి పేలలేదు," అన్నాడు తహామీ వడ్డిస్తూ.

"మందు తడిసిందేమో," అంది బతూల్.

తెల్లారేసరికి గాడిదల మీద ఇటుకలు దిగాయి. మధ్యాహ్నానికి ఆ వైపు గోడ మనిషెత్తు లేచింది. సూర్యాస్తమయం కనపడదని ఒక ఫ్రెంచి జంట గొణిగింది. తహామీ వాళ్ల చేతిలో బాదం బిస్కెట్ల పళ్లెం పెట్టాడు.

బతూల్ మేడెక్కి తడి గోడ మీద అరచెయ్యి ఆనించింది. "నేను వెళ్లగానే తీసెయ్యరు కదా?"

"నా కంఠంలో ప్రాణముండగా తియ్యను లల్లా!"

"సాక్షిని నేనున్నాను," అంది మెట్ల మీంచి రహ్మా.

వీధి తలుపు దాకా పెట్టె తహామీయే మోశాడు. "టాక్సీలు కుడివైపు, కోట గుమ్మం దగ్గర. మా గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు కదూ?"

"ఇప్పుడే చెబుతాను."

పెట్టె అందుకున్న బతూల్ కుడివైపు తిరగలేదు; ఎడమకు నాలుగడుగులు వేసి, సంచిలోంచి తాళంచెవి తీసి, పక్కింటి తలుపు తెరిచి, "ఖద్దూజ్, ఇక మేడ మీదికి రావే, ఎండ బాగుంది!" అని లోపలికి కేకేసింది.