భీమారావు గారి నాలుగు రివాల్వర్లు

బంగారయ్య పోయి పన్నెండో రోజు. భోజనాల విస్తళ్లు ఇంకా ఎత్తనేలేదు, గుమ్మంలోకి ఎవరో ముసలాయన వచ్చాడు.

"అమ్మా, బంగారయ్యగారి రివాల్వర్ ఇంట్లోనే ఉందా?"

అప్పలనరసమ్మకు ఒళ్లు మండింది. మొగుడు పోయిన ఇంటికొచ్చి అడిగే మాటా అది?

"ఉంటే ఏటి? మీకెందుకు?"

"నా పేరు భీమారావండి. అభన్‌పూర్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను."

పక్కింటి తాయారమ్మ చెవిలో గొణిగింది. "పిస్తోళ్ల పిచ్చాయనే ఈయన! పాతవన్నీ పోగేస్తాడట. ఎవరు పోయినా వాసన పట్టీసి వచ్చీస్తాడు."

రాయపూర్ రైల్వే కాలనీలో అప్పలనరసమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. ఆ నోరు తెరుచుకునేలోపే ముసలాయన అసలు సంగతి చెప్పేశాడు.

"లైసెన్స్ మనిషితోనే పోతుందమ్మా. ఇక అది ఇంట్లో ఉండటం నేరం. మీ అబ్బాయి ఉద్యోగానికే ముప్పు."

ఆవిడ నమ్మలేదు. లైసెన్స్ అంటే ఇంటికిచ్చిందనే ఇన్నాళ్లూ అనుకుంది.

కొడుకు సూరిబాబు గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. ఠాణాకి వెళ్లి అక్కడి పోలీసు అధికారి దరోగాని అడిగొచ్చాడు. ముసలాయన చెప్పింది నిజమే.

"నా పేరున లైసెన్స్ ఇమ్మంటే దరోగా నవ్వినాడమ్మా. గుమాస్తాకి రివాల్వర్ కాయకూ, ఎందుకూ అన్నాడు. అప్పజెప్పీమన్నాడు. కొన్నాళ్లు ఉంచీసి, తర్వాత విరగ్గొట్టీస్తారట."

అప్పలనరసమ్మ బీరువా మీది రివాల్వర్ వైపు చూసింది.

బంగారయ్య జీతాల గుమాస్తా. ఇరవై ఏళ్లపాటు చిన్న రైలుబండిలో ధమ్తరీ దాకా జీతాల పెట్టె మోసుకెళ్లాడు. దారంతా అడవి. ఇంటికి రాగానే నడుముకున్న రివాల్వర్ తీసి చెక్క బీరువా మీద పెట్టేవాడు. ఆ చప్పుడు వింటే గానీ ఆవిడకు మనసు కుదుటపడేది కాదు. అలాంటి వస్తువును విరగ్గొడతారా?

"నా లైసెన్సులో రాయించుకుంటానమ్మా," అన్నాడు భీమారావు. "నా దగ్గర భద్రంగా ఉంటుంది."

వేరే దారి లేదు. పాత పంచెలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"పట్టుకెళ్లండి. మా ఆయన ఎప్పుడు పోతాడా అని కాచుక్కూర్చున్నట్టున్నారు."

ముసలాయన మొహం చిన్నబోయింది. కానీ మాట తూలలేదు.

"దసరాకి తీసుకొస్తానమ్మా. ఆయుధపూజ మానకండి."

తెస్తాడు, తెస్తాడు అనుకుంది ఆవిడ.

నిజంగానే తెచ్చాడు. నవమి పొద్దున్నే టాంగా దిగి, తూటాల్లేవని తెరిచి చూపించి, బంగారయ్య పటం ముందు పెట్టాడు. పూజ అయ్యేదాకా అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ రాసిన పసుపు తుప్పు పట్టించకుండా గుడ్డతో ఓపిగ్గా తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ మంచినీళ్లయినా ఇవ్వలేదు.

"మన వస్తువు మనకే చూపించి మురిసిపోతున్నాడు," అంది తాయారమ్మతో.

రెండో ఏడు నీళ్లిచ్చింది. మూడో ఏడు అరుగు మీదికే రెండు గారెలు పంపింది. ఆయన తింటూ, "మా ఇంట్లో గారెలు చేసి చాలా ఏళ్లయిందమ్మా," అన్నాడు. ఆవిడకు గుండె కలుక్కుమంది. అయినా తొలిరోజు తను అన్న మాట అడ్డొచ్చింది. వచ్చే ఏడు లోపలికి పిలిచి అన్నం పెడదాంలే అనుకుంది.

నాలుగో ఏడు పొద్దున్నే పీట వేసింది. పప్పు, పులిహోర, గారెలు. మధ్యాహ్నం దాటినా టాంగా రాలేదు.

సాయంత్రం సూరిబాబు కబురు కనుక్కొచ్చాడు.

"భీమారావుగారు పోయి వారమైందమ్మా. ఆయన రివాల్వర్లన్నీ ఠాణాలో పెట్టీసినారు."

మర్నాడు కొడుకును వెంటబెట్టుకుని అప్పలనరసమ్మ ఠాణాకి వెళ్లింది. ఒక్కసారి చూపించమని బతిమాలింది.

దరోగా జాలిపడి నాలుగు రివాల్వర్లు బల్ల మీద పరిచాడు.

మొగుడిది చటుక్కున పోల్చుకుంది. చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుంది. ఇక ఇది ఇంటికి రాదు. తీసుకొచ్చే మనిషే లేడు.

"మిగతా మూడూ ఎవరివి బాబూ?"

హిందీలో చెప్పాడు దరోగా. పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఉన్న మనిషి కావడంతో ఆవిడకు అంతా తెలుస్తూనే ఉంది.

"ఇది పండరీ పేటలో ఒక ముసలమ్మ చనిపోయిన కొడుకుది మాయీ. ఇది చనిపోయిన ఫారెస్టు గార్డుది. ఇది ఒక డాక్టరుగారిది. ఎవరింటిది వాళ్లకి దసరాకి పట్టుకెళ్లి చూపించేవారు. నాలుగు ఇళ్లు తిరిగేసరికి చీకటి పడేది పాపం."

అప్పలనరసమ్మకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు అన్న మాట నాలుక కోసుకున్నా వెనక్కి రాదు.

"మరి ఆయన సొంతది ఏది బాబూ? దానికోసారి దణ్ణం పెట్టుకుంటాను."

దరోగా లైసెన్స్ పుస్తకం తెరిచాడు. పైన నాలుగు వరుసలు ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాయి.

"ఇందులో నాలుగింటికే అనుమతి మాయీ. మొదట్లో నాలుగూ ఆయనవే, ఎంతో మోజుపడి కొనుక్కున్నవి. ఇంకొకరిది ఎక్కించాలంటే తనది ఒకటి మాకు అప్పజెప్పాలి."

నాలుగో వరుస మీద వేలు పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఆఖరుకి మిగిలింది వాళ్ల నాన్నగారిది, అదీ మీ ఆయనది రాయించుకున్న రోజున ఇక్కడే ఇచ్చేసి వెళ్లారు."