గుట్ట తవ్వాల్సిందే

"గని ఆగకూడదు. అనుమతి ఇచ్చేయండి" అన్నాడు దర్జీ, మైకును రెండు చేతులతో పట్టుకుని.

హాల్లో ఒక్కసారిగా గోల లేచింది. పొద్దున్నుంచి మైకు దగ్గరికి వచ్చినవాళ్ళంతా గని వద్దన్నవాళ్ళే. బావులు ఎండిపోయాయన్నారు. పేలుళ్ళకు గోడలు నెర్రెలిచ్చాయన్నారు. అన్నం ముద్దలో కూడా దుమ్మేనన్నారు. వేదిక మీద ముగ్గురు అధికారులు అన్నీ రాసుకున్నారు.

పాత గుంతలో బొగ్గు అయిపోయింది. మిగిలిందంతా గనివాళ్ళు తవ్వి ఊరి పక్కన పోసిన మట్టిగుట్ట కిందే ఉంది. ఆ గుట్టను తవ్వుకోవడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఈ రోజు తేలాలి. ఇవ్వకపోతే గుట్టను చదును చేసి, పైన గడ్డి పెంచి, గని మూసేస్తారు.

"మేనేజరుకు సూటు గానీ కుడుతున్నావా ఏంటి?" వెనక నుంచి ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు.

గని మేనేజరు మాత్రం గబగబా లేచి వచ్చి తన మంచినీళ్ళ సీసా అందించాడు. దర్జీ అందుకోలేదు.

ముందు వరసలోంచి దర్జీ బావమరిది లేచాడు. ఊరిని కూడగట్టి ఇక్కడిదాకా తెచ్చింది అతనే.

"నువ్వా బావా ఈ మాట అనేది? మా అక్కను మింగిన గని అది!"

"అందుకేరా."

"అందుకే అంటే?"

దర్జీ అతని వైపు చూడలేదు. వేదిక మధ్యలో కూర్చున్న అధికారిణి వైపు చూశాడు.

"అమ్మా, పోయిన వానల్లో ఆ గుట్ట జారింది. మా ఆవిడ కింద గడ్డి కోస్తోంది. గనివాళ్ళు ఒక్క పూట వెతికారు. ఇంకా జారుతుందని మిషన్లు వెనక్కి తీసుకుపోయారు. గల్లంతు అని రాసి చేతులు దులుపుకున్నారు. గల్లంతేంటమ్మా? అదేమన్నా ఏరా, సముద్రమా? అక్కడే ఉంది మా ఆవిడ."

మైకును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"మీరు అనుమతి ఇస్తే గుట్ట తవ్వుతారు. తవ్వితే బయటికొస్తుంది. ఏది మిగిలితే అదే ఇంటికి తెచ్చుకుంటాను. పద్ధతిగా సాగనంపుతాను. పైన గడ్డి మొలిపించారంటే మాత్రం నాకిక దిక్కు లేదమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

బావమరిది కుర్చీలో కూలబడ్డాడు. మేనేజరు సీసా మూత తిప్పుకుంటూ నేలచూపులు చూశాడు.

అధికారులు ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు గుసగుసలాడారు. చివరికి అధికారిణి మైకు దగ్గరికి లాక్కుంది.

"చూడండి" అంది మెత్తగా. "గనివాళ్ళు ఇచ్చిన ప్రణాళికలో ఆ గుట్ట కింద మట్టి, బొగ్గు తప్ప ఇంకేమీ లేవని ఉంది. మనిషి ఉన్నట్టు మాకిప్పుడే తెలిసింది. శవం ఉన్నచోట గని తవ్వడానికి చట్టం ఒప్పుకోదు. మీరు చెప్పింది రికార్డుకెక్కింది. అనుమతి ఇవ్వడం లేదు."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఎవరో ఈల వేశారు. సూటు కుడుతున్నావా అన్నవాడే పరుగెత్తుకొచ్చి దర్జీని వాటేసుకున్నాడు.

"ఊరిని నిలబెట్టావయ్యా! నీ నోట్లో చక్కెర పొయ్యా!"

దర్జీ వాణ్ణి విదిలించుకున్నాడు.

"అయితే మీరే తవ్వించండమ్మా!"

"గనివాళ్ళకు తప్ప ఆ గుట్ట తవ్వే హక్కు ఎవరికీ ఉండదండీ. మాకు కూడా."

"పోనీ నేనే తవ్వుకుంటాను. పార ఉంది నాకు."

"మళ్ళీ జారితే మీరూ పోతారు. అటు ఎవర్నీ వెళ్ళనివ్వం. చుట్టూ కంచె వేయిస్తాం." ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఆవిడ పేరు మీద పైన చెట్లు నాటిస్తాం. అంతకంటే ఏం చేయగలం చెప్పండి?"

"చెట్లు" అన్నాడు దర్జీ.

చుట్టూ ఒకరినొకరు కావలించుకుంటున్న జనాన్ని చూశాడు. మళ్ళీ మైకు పట్టుకున్నాడు.

"అబద్ధం చెప్పానమ్మా."

"ఏంటి?"

"అది అక్కడ లేదు. ఆ రోజు గుట్ట వైపే పోలేదు. ఎవడితోనో లేచిపోయింది. పరువు పోతుందని గుట్ట కింద పడిందని చెప్పుకున్నాను. ఇదీ రాసుకోండి."

చప్పట్లు ఆగిపోయాయి. అధికారిణి మొహం ఎర్రబడింది.

"కట్టుకున్నదాన్ని పట్టుకుని ఏం మాటలవి? మీరు చెప్తే నేను నమ్మను. ఆవిడ వెళ్ళిపోవడం ఇంకెవరైనా చూశారా? సాక్షులున్నారా?"

దర్జీ హాలంతా కలయజూశాడు. అతని చూపు పడిన చోటల్లా తలలు దించుకున్నారు. అప్పుడే గెలిచిన ఊరు అది.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

"నేనున్నానండీ" అన్నాడు బావమరిది, లేచి నిలబడి. "వాడితో మా అక్కను బస్సెక్కించింది నేనే."