కుట్టుగదిలో కబుర్లు

కుట్టుగదిలోకి ఆ పొద్దున ఎవరో కొత్త మనిషి వచ్చి మూల కూర్చున్నాడు. ఊరికే చూస్తున్నాడు.

"ఎవరే ఈ గుడ్లగూబ?" అంది కాజాలు కుట్టే వదిన.

"యజమాని పంపిన మనిషట. మనం కబుర్లాడుతూ పని ఎగ్గొడుతున్నామేమో చూసి చెప్తాడట," అంది పక్క మిషన్ ఆవిడ.

గది గప్‌చుప్.

అబ్బ, అంతకుముందు ఆ గదిలో ఎన్ని కబుర్లు! అత్తల మీద చాడీలు, అల్లుళ్ల గొప్పలు, ఒకరినొకరు ఏడిపించుకోవడాలు. ఆ రోజులే వేరు.

ఆ కబుర్ల చాటున ఒక గుట్టు ఉండేది. కుట్టేవాళ్లలో అందరికన్నా పెద్దదైన పెద్దక్కకి చూపు మందగించింది. ముచ్చట చెప్పే నెపంతో ఎవరో ఒకరు పక్కన చేరి ఆమె సూదిలో దారం ఎక్కించేవారు, గుడ్డ సరిచేసి పెట్టేవారు. యజమానికి తెలిస్తే ఆమె ఉద్యోగం హుళక్కే. ఇల్లు గడిచేది ఆ జీతంతోనే.

ఇప్పుడు ఎవరూ కదల్లేదు. పెద్దక్క ఒక చొక్కా కాలరు తిరగేసి కుట్టేసింది.

మూలనున్న ఆయన లేచి వచ్చి ఆ చొక్కా చూశాడు.

"కళ్లు కనబడట్లేదా అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

వదిన ఆగలేకపోయింది.

"ఆవిడ కడుపు కొట్టడానికొచ్చావా నాయనా? నీకసలు మనసుందా?"

ఆయన చొక్కా అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

యజమాని ఎప్పుడు పిలుస్తాడోనని అందరూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. పిలుపు రాలేదు. ఆయనా మళ్లీ రాలేదు.

"వదిన నోటికి జడిసి పారిపోయాడు. పీడ విరగడైంది!" అనుకున్నారంతా.

కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. పెద్దక్క ఓపికున్నన్నాళ్లూ అక్కడే పనిచేసింది.

ఏళ్లు గడిచాయి. దుకాణం మూసేస్తూ యజమాని పాతవాళ్లందర్నీ పిలిచాడు.

"అప్పుడు మా గదిలో కూర్చోబెట్టిన ఆ గుడ్లగూబని ఎక్కణ్నుంచి పట్టుకొచ్చారండీ?" అని నవ్వింది వదిన.

"అయ్యో, అలా అనకమ్మా. కాలేజీలో సోషియాలజీ మేష్టారాయన. పదిమంది ఒకచోట ఎలా కలిసి బతుకుతారో అదే ఆయన చదువు. పోయినేడే పోయారు, పాపం."

వదిన నవ్వు ఆగిపోయింది. "మరి ఒక్కపూటకే వెళ్లిపోయారే?"

"'ఆ గదిలో పని నడిపిస్తున్నది కబుర్లే. నేను కూర్చుంటే అవి ఆగిపోయాయి, ఇక రాను' అన్నారు. పని చేతకానివాళ్లెవరో చెప్పమని గుచ్చి గుచ్చి అడిగాను. 'అంతమందిలో కుట్టు రానివాణ్ని నేనొక్కణ్నే' అని నవ్వి వెళ్లిపోయారు."